ఐసు వచ్చిన మంగళవారం

డిటెక్టివ్ చెంగల్రాయుడి జేబులో ఉన్న పోస్టుకార్డు ఒక్క రోజు ఆలస్యంగా చేరింది. ఆ ఒక్క రోజులోనే దాన్ని రాసిన మనిషి చచ్చిపోయాడు.

"మంగళవారం పొద్దున ఐసు వస్తుంది. అది కరిగిపోకముందే మీరు రావాలి. ఒక ఎరుపు రంగును మీ కళ్ళతో చూడాలి. గురువారం ఢిల్లీ కమిటీ వస్తున్నది. ఆ తర్వాత వచ్చి లాభం లేదు. ఇట్లు, లోకనాథం, కెమిస్టు, ప్రభుత్వ రంగుల పరిశోధనశాల, తిరుత్తణి."

తిరువళ్ళూరులోని చెంగల్రాయుడి గదికి కార్డు చేరింది మంగళవారం సాయంత్రం. అప్పటికే లోకనాథం తల పగిలి ఏడెనిమిది గంటలయింది. ఆయన దగ్గర పనిచేసే రంగులవాడు ఆదిమూలాన్ని హంతకుడని లాకప్పులో పెట్టారు. బుధవారం పదిన్నరకు చెంగల్రాయుడు పరిశోధనశాల గేటు ముందు నిలబడి, తపాలా శాఖను మనసులో ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాడు. ఎన్ని తిట్టినా పోయిన మనిషి రాడు గదా. ఇక ఉన్న మనిషినైనా కాపాడుకోవాలి.

గేటు దగ్గర వజ్రమ్మ నిలబడి ఉంది. ఆదిమూలం భార్య. పొదటూరుపేటలో చెంగల్రాయుడి ఇంటికి నాలుగిళ్ళ అవతల మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయిగాని గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అన్నా, రెండూ నలభై బండికి ఆయన్ను చిత్తూరు జైలుకు తీసకపోతారంట. వచ్చే నెల ఒకటో తేదీకి తిరుత్తణి మద్రాసు రాష్ట్రం అయిపోతాది. ఈ కేసు ఆ పక్కకు పోతాదా, ఈ పక్కనే ఉంటాదా అంటే చెప్పే నాథుడు లేడు. కాగితాలు ఊళ్ళు తిరగతా ఉంటే నా మొగుడు లోపలే ముసలోడైపోతాడు."

"ఏమన్నా తిన్నాడా?"

"యాడ తింటాడు! రాత్రి నేను తీసకపోయిన సంగటి అట్లే ఎనక్కి పంపినాడు. ఈ పూట సూపర్నెంటు అయ్య ఇంట్లోనుంచి శాపాటు పోతాదంట. పెద్దాయన పంపితే వద్దంటాడా, అదైనా తింటాడు. ఆ మహరాజు కడుపు సల్లగుండ."

చెంగల్రాయుడు గడియారం చూసుకున్నాడు. రెండూ నలభైకి నాలుగు గంటలు ఉంది.

సూపరింటెండెంటు దొరస్వామి గదిలో ఇన్‌స్పెక్టర్ వేలాయుధం ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. చెంగల్రాయుడు పోలీసు ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా, ఇద్దరూ ఒకే స్టేషన్‌లో ఎస్సైలుగా ఉన్నప్పటి కయ్యం మాత్రం వేలాయుధం వదల్లేదు.

"వచ్చినారా డిటెక్టివ్ గారూ!" అన్నాడు వేలాయుధం, ఆ 'గారూ'ని నమిలి ఉమ్మినట్టు. "ముద్దాయి దొరికినాడు, కొట్టిన కొయ్య కొడతి దొరికింది, చేతులకు నెత్తురు గూడా దొరికింది. మీకు మిగిలింది కాఫీ ఒకటే. తాగి పోండి."

"కాఫీ తర్వాత. ముందు దొరస్వామిగారితో రెండు మాటలు."

దొరస్వామి మెత్తటి మనిషి. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చేసిన తెల్ల జుబ్బా, ఎవరికీ వినపడకూడదన్నట్టు మాట్లాడే గొంతు. ఆయన కుర్చీ వెనక గోడ నెర్రె ఇచ్చి ఉంది. బీరువా కాళ్ళను చెదలు సగం తినేశాయి. బల్ల మీది త్రాసు పంతొమ్మిదివందల ఇరవయ్యొకటిలో ఈ శాల పెట్టిన రోజున వచ్చింది, అదే ఇప్పటికీ దిక్కు.

"చూస్తాండారు గదా రాయుడుగారూ, ఇదీ మా వైభవం," అన్నాడు దొరస్వామి. "పాతబడిన సర్కారు పరిశోధనశాలల్ని బాగు చేసేదానికి ఢిల్లీవాళ్ళు డబ్బు ఇస్తాండారు. మన పక్క ఒక్క శాలకే ఇస్తారంట. మూడేళ్ళుగా అర్జీలు రాసినాను. రేపు కమిటీ వచ్చి చూసి సంతకం పెడితే కొత్త కట్టడం, కొత్త యంత్రాలు వస్తాయి. పెట్టకపోతే ఈ శాలను ఆంధ్రావాళ్ళు వదిలేస్తారు, మద్రాసువాళ్ళు ముట్టరు. తలుపులకు బీగమే. ఇట్లాంటి పూట ఈ ఘోరం జరగాలా!"

"కమిటీ మీ శాలనే చూడటానికి రావడానికి కారణం?"

దొరస్వామి ముఖం వెలిగింది. అద్దాల పెట్టెలోంచి ఒక నూలు చిలపను, దారపు చుట్టను, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చూపాడు. నిప్పులాంటి ఎరుపు. చెంగల్రాయుడు నేతింటి బిడ్డ. ఎరుపు చూస్తే వేళ్ళు వాటంతట అవే ముందుకు పోతాయి. రుద్ది చూశాడు. రవ్వంత కూడా అంటలేదు.

"మన చిరివేరుతో అద్దింది, నేలలో తవ్వి తీసే వేరు. యాబై ఉతుకులకు దిగలేదు. రెండేళ్ళుగా ఈ శాలలో సీమ రంగు, బయటి దేశం మందు, చుక్క వాడలేదు. నా అర్జీలో మొదటి వాక్యమే అది."

"బాగుంది. మరి ఐసు దేనికి తెప్పిస్తారు?"

దొరస్వామి చిలపను పెట్టెలో సర్దుతూ ఒక్క క్షణం ఆగాడు. "ఐసా? ఎండాకాలం గదా. మందులు చెడిపోకుండా."

"నిన్న పొద్దున మీరు యాడ ఉన్నారు?"

"సార్‌ను అడిగేదేముంది!" అని వేలాయుధం కస్సుమన్నాడు. దొరస్వామి చెయ్యెత్తి వారించాడు.

"అడగనీండి. ఆరూ యాబై బండికి పోయినాను. అరక్కోణంలో మారి తిరువళ్ళూరు దిగినాను. కొత్త కట్టడం ప్లాను గురించి ఇంజనీరును చూడాల్సి ఉండె. ఆయన లేడు, ఆరణి ఏటికట్ట పనికి పోయినాడంట. ఆఫీసు వరండాలో బల్ల మీద గంటసేపు కూర్చుని ఎనక్కి వచ్చినాను. పదకొండూ ఇరవైకి ఈడ దిగితే స్టేషన్లోనే చావు కబురు చెప్పినారు."

"వరండాలో గంట కూర్చున్నారా?"

"అవును. ఏం?"

"ఏమీ లేదు. ఎండలో కష్టం గదా అని."

తిరువళ్ళూరులో చెంగల్రాయుడి గది ఉన్నది ఆ ఇంజనీరు ఆఫీసు వీధిలోనే. ఇంజనీరు ఆరణికి పోతూ సోమవారమే గేటుకు అరచేయంత బీగం వేయించి పోయాడు. వరండాలో కూర్చోవాలంటే గోడ దూకాలి. యాభై దాటిన సూపరింటెండెంటు గోడ దూకాడంటే నమ్మడం కష్టం. కాని ఒక్క అబద్ధం చాలదు. ఆడదాని ఇంటికి పోయి అబద్ధం చెప్పే పెద్దమనుషులు కూడా లోకంలో ఉన్నారు. అందుకని ఆ సంగతిని అతను తన దగ్గరే దాచుకున్నాడు.

వంటమనిషి తలుపు దగ్గర నిలబడి, క్యారియర్ సిద్ధమైందని చెప్పాడు. "స్టేషన్‌కు ఇచ్చేసి రా," అన్నాడు దొరస్వామి. తర్వాత వీళ్ళ వైపు తిరిగి, "తప్పు చేసినోడే అనుకోండి, మా దగ్గర పద్దెనిమిదేళ్ళు పని చేసినాడు. మనసు ఒప్పలేదు," అన్నాడు. వేలాయుధం కళ్ళలో ఆయన మీద భక్తి పొంగింది. నిజం చెప్పాలంటే చెంగల్రాయుడికి కూడా ఆ క్షణాన ఆయన మీద కొంచెం మంచి అభిప్రాయమే కలిగింది. తర్వాత ఎన్నో రోజులు అందుకు తనను తాను తిట్టుకున్నాడు.

రంగుల గది తలుపు దగ్గర కానిస్టేబుల్ చిన్నస్వామి కాపలా ఉన్నాడు. పింఛను దగ్గరపడిన భారీ మనిషి. వేలాయుధాన్ని చూడగానే సెల్యూట్ కొట్టి, "అయ్యా, పొద్దుట్నించి కాఫీ చుక్క పళ్ళేదు. పోయి రెండిడ్లీలు..." అంటూ నసిగాడు.

"సుమ్మా ఉండయ్యా! నీకు ఆకలెయ్యని పొద్దు యాడుంది? పోయి లాకప్పు కాడ నిలబడు. అక్కడి మనిషిని భోజనానికి పంపు. అతను వచ్చినాకే నువ్వు తిను." చిన్నస్వామి మూతి ముడుచుకుని పోయాడు.

గదిలో ఆరు రాతి తొట్లు. మధ్య తొట్టి పక్కన సుద్దముక్కతో మనిషి ఆకారం గీసి ఉంది. లోకనాథం పడిన చోటు అదే. నేలంతా ఎర్రటి మరకలు. చెంగల్రాయుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మరకలు రెండు రకాలు. తల ఉన్న చోట గోధుమరంగుకు తిరిగి ఎండిపోయినవి కొన్ని. తొట్టి అంచు నుంచి పారిన చోట మాత్రం ఒక రోజయినా కుంకుమలా మెరుస్తున్నాయి.

గోడకు మందుల అల్మారా ఉంది. సీసాల మీద వేలెడు దుమ్ము పేరుకుని ఉంటే, పై అరలో ఒక్కచోట మాత్రం గుండ్రంగా శుభ్రంగా ఉంది. అరకు అంటించిన చీటీ మీద పుర్రె బొమ్మ గీసి, కింద 'పాషాణం' అని లోకనాథం చేతిరాత. విషం గనక పోలీసులు తీసుకుపోయి ఉంటారని అనుకుని చెంగల్రాయుడు ముందుకు నడిచాడు.

"ఆదిమూలం వాంగ్మూలం చదవండి, వింటాను," అన్నాడు.

వేలాయుధం బరువు మోసినట్టు నిట్టూర్చి కాగితం విప్పాడు. ఎనిమిదీ అయిదు బండిలో అరక్కోణం నుంచి ఐసు గడ్డ వచ్చింది. ఎనిమిదిన్నరకు తెచ్చి పొట్టులో పెట్టాడు. తొమ్మిదింటికి పన్నెండు చిలపలను మొదటి తొట్టిలో ముంచి, పిండి, చీకటి గదిలో కర్రలకు వేశాడు. తొమ్మిదింపావుకు ఐసు పగలగొట్టి ఇస్తే కెమిస్టు అయ్య రెండో తొట్టిలో రంగు తేల్చే సాల్టు కలిపాడు. తర్వాత ఆయనే పోస్టాఫీసుకు పంపాడు. పదింటికి వస్తే అయ్య పడి ఉన్నాడు. పట్టి లేపబోయాడు, చేతులు ఎర్రబడ్డాయి.

"కథ బాగుండాది," అని వేలాయుధం కాగితం మడిచాడు. "అయ్య తలను లేపితే మోచేతుల దాకా నెత్తురవుతుందా?"

"ఆ చేతులు కడిగించారా?"

"కడిగించినాం. సబ్బుతో రెండుసార్లు. పోలేదు."

"నెత్తురు సబ్బుకు పోదా వేలాయుధం?"

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని జేబులో దోపుకున్నాడు. "అయితే రంగే అనుకో. రంగులోడి చేతులకు రంగు. కొడతి యాడిది మరి? ఐసు పగలగొట్టే కొడతి వాడిదే గదా!"

"కొడతి రోజూ ఈ గదిలోనే పడి ఉంటుంది. చెయ్యి ఉన్నవాడు ఎవడైనా తీసుకోవచ్చు. చీకటి గది చూద్దాం పదండి. వజ్రమ్మా, నువ్వూ రా."

"అదెందుకు? ముద్దాయి పెళ్ళాం!"

"ఆమెకు తెలిసినంత మీకూ నాకూ తెలీదు గనక."

చీకటి గదిలో గాలి ఆడదు. వెలుతురు తగిలితే మొదటి తొట్టి నూలు చెడుతుందని కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. ఈ చివర నుంచి ఆ చివర వెనక తలుపు దాకా కర్రలు అడ్డంగా, తలకు పైన వేలాడుతున్నాయి. వాటి మీద సరిగ్గా భుజం దాకా జారిన పన్నెండు చిలపలు, చూడటానికి మామూలు తెల్ల నూలే. ఒక రోజయినా ఇంకా చెమ్మ ఆరలేదు.

వజ్రమ్మ లోపలికి వస్తూనే నడుము వంచి కర్రల కింద నుంచి జారిపోయింది. చెంగల్రాయుడి నడుము కూడా తనకు తెలియకుండానే వంగింది. చిన్నప్పుడు తడి నూలుకు తగిలితే వాళ్ళమ్మ వీపు విమానం మోతలు మోగించేది. వెనక బూట్ల చప్పుడు టకటకమంటూ నిటారుగా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ భుజాలు ఒక్కొక్క చిలపనూ రాసుకుంటూ వెనక తలుపు దాకా వచ్చాయి.

"ఏందీ దరిద్రం, తడి!" అని వేలాయుధం చొక్కా దులుపుకున్నాడు. ఖాకీ మీద నీటి చెమ్మ తప్ప ఏమీ కనిపించలేదు.

చెంగల్రాయుడు వెనక తలుపు చూశాడు. గడియ తీసి ఉంది. తాళంచెవి కన్నంలో సాలెపురుగు గూడు తెగి ఉంది. తలుపుకు దగ్గరగా ఉన్న కర్ర మీద చిలపలు ఒక పక్కకు నొక్కుకుపోయి ఉన్నాయి, ఒకటి నేల మీద పడి ఉంది.

"ఈ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"సూపర్నెంటు అయ్య కాడ," అంది వజ్రమ్మ. "ఆయన తప్ప ఇట్ల ఎవురూ రారన్నా. ఆయనకు రంగుపని రాదు. కాలేజీలో సరిత్ర సదివినాడంట. తొట్టి కాడికి రానే రాడు."

"వజ్రమ్మా, చిరివేరు అద్దకానికి ఐసు కావాలా?"

ఆమె అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "చిరివేరుకు ఐసెందుకన్నా? పొయ్యి మీద దినమంతా ఉడకెయ్యాల. ఐసు గావాల్సింది సీమ సాల్టుకు. సల్లగా లేకపోతే అది గడియలో సచ్చిపోతాది."

"ఇక్కడికి ఐసు ఎన్నాళ్ళుగా వస్తోంది?"

"రెండేండ్లుగా. మంగళారం మంగళారం. మోసేది మా ఆయనే గదా."

చెంగల్రాయుడు తనకు తోచిందంతా వేలాయుధానికి చెప్పాడు. ఢిల్లీవాళ్ళు మురిసిపోయిన ఎరుపు వేరుది కాదు. పోల్చి చూడటానికని లోకనాథం సీమ మందుతో అద్దిన చిలపల మీద దొరస్వామి చిరివేరు చీటీలు కట్టి పంపాడు. కమిటీ జాబులో ఆ చిలప నంబరు చూసి లోకనాథానికి సంగతి తెలిసి ఉంటుంది. సాక్షిగా ఒక డిటెక్టివ్‌ను పిలిచి, కమిటీ రాకముందే ఐసు వేసి అద్ది చూపిద్దామనుకున్నాడు. ఐసు తెచ్చిన బండిలోనే ఆయన చావు కూడా దిగి ఉండాలి. ఆరూ యాభైకి పోయినవాడు అరక్కోణంలో దిగి, ఎనిమిదీ అయిదుకు ఇక్కడ దిగడం ఎంతసేపు?

"ఊహలు!" వేలాయుధం గొంతు పెంచాడు. "సీమ రంగో, వేరు రంగో, దాని కోసం ఎవడైనా మనిషిని చంపుతాడా? రేపు కమిటీ. పైనుంచి నాకు రెండుసార్లు ఫోను వచ్చింది. గేటు కాడ పోలీసు కనపడకూడదంట. రెండూ నలభై బండికి నా ఖైదీ పోతాడు. నువ్వు తిరువళ్ళూరు పో. ఆడ తప్పిపోయిన ఆవుల్ని ఎతుక్కో."

"గంట టైం ఇవ్వు. రుజువు చూపకపోతే ఆవుల్నే వెతుక్కుంటాను. నీకు రాసిస్తాను."

"పాత అప్పు తీర్చుకుంటాండావా నా మీద?"

"అది ఎప్పుడో మాఫీ చేశాను వేలాయుధం. నువ్వే ఇంకా మోస్తున్నావు."

ఇన్‌స్పెక్టర్ ముఖం నల్లబడింది. గడియారం తీసి చూసి, "పన్నెండున్నర," అన్నాడు. "ఒకటిన్నర దాటితే ఒక్క నిమిషం ఉండను."

చాకలి ధనమ్మ సర్కారు క్వార్టర్స్ బట్టలన్నీ మంగళవారం సాయంత్రం ఎత్తుతుంది, గురువారం సవుడు మట్టి పెట్టి, ఆవిరిలో ఉడికించి ఉబ్బ వేస్తుంది. అంటే నిన్న విప్పిన బట్టలు నేటికి ఇంకా మూటలోనే ఉంటాయి. సవుడు తగిలితే మాత్రం ఉన్న సాక్ష్యం కాస్తా ఏట్లో కలుస్తుంది. ఒంటిగంటకు చెంగల్రాయుడు మూటతో సహా ధనమ్మను రంగుల గదికి తీసుకొచ్చాడు. కమిటీవాళ్ళ బస చూసుకోవాలని దొరస్వామి అప్పుడే బయటికి వెళ్ళాడని బంట్రోతు చెప్పాడు.

వజ్రమ్మ కొంగు నడుముకు దోపింది. పొట్టు తవ్వి, నిన్నటి ఐసులో మిగిలిన కొబ్బరికాయంత గడ్డను తీసింది. చెంబుతో నీళ్ళు కొలిచి, ఐసు వేసి, లోకనాథం వాడిన సీసాలోంచి సాల్టు చిటికెలతో కలిపింది. ఇది తమ ఇంట్లో రోజూ చేసే పనేనని, కలిపేది మాత్రం ఈ రోజు తన మొగుడి ప్రాణమని ఆమెకు తెలుసు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇటు రండి," అన్నాడు చెంగల్రాయుడు. గుడ్డ పేలికను ఆ నీళ్ళలో ముంచి వేలాయుధం భుజం మీద అద్దాడు.

ఖాకీ మీద ఎర్రటి చార పొంగింది. పక్కనే ఇంకొకటి.

వేలాయుధం ఎగిరి వెనక్కి గెంతాడు. "నెత్తురు!"

"నెత్తురు కాదు, నూలు సాక్ష్యం. మొదటి తొట్టి మందు బట్టకు అంటితే కంటికి కనపడదు. ఈ నీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది. ఆదిమూలం నూలు పిండిన చేతులతో, ఒలికిన ఈ నీళ్ళలోంచి అయ్యను లేపాడు. అందుకే సబ్బుకు పోలేదు. రంగు పనివాడు ఆ గదిలో వంగి నడుస్తాడు. మీలాగా నిటారుగా నడిచినవాడు ఇంకొకడు ఉన్నాడు. ధనమ్మా, మూట విప్పు."

పంచెలు ముంచారు, ఏమీ లేదు. చొక్కాలు, తువ్వాళ్ళు ముంచారు. నీళ్ళలో తెల్లగా వెళ్ళి తెల్లగా వచ్చాయి. వేలాయుధం గడియారం చూడటం మొదలుపెట్టాడు. వజ్రమ్మ పెదవులు ఏదో మొక్కుకుంటున్నాయి.

ఏడో బట్ట ఒక జుబ్బా. వజ్రమ్మ దాన్ని ముంచి ఎత్తింది. కుడి భుజం మీద, చేతి పొడుగునా చిలపలు రాసుకున్న చారలు ఒక్కొక్కటే ఎర్రగా లేచాయి. ముంజేతి అంచు దగ్గర, రెండో తొట్టి నీళ్ళు నిన్ననే చిందిన చోట చిన్న ఎర్ర చుక్క ముందే ఉంది. తాంబూలం మరక అనుకుని ఎవరూ పట్టించుకుని ఉండరు.

"గుర్తు ఎవరిది ధనమ్మా?"

ధనమ్మ మెడపట్టీ తిప్పింది. ప్రతి ఇంటి బట్టకూ ఆమె నల్లజీడితో ఒక గుర్తు పెడుతుంది, అది ఎన్ని ఉబ్బలు వేసినా పోదు. "ఒక గీత, మూడు సుక్కలు," అంది ఆమె, గొంతు సన్నబడిపోయి. "సూపర్నెంటు అయ్య ఇల్లు, సామీ."

వజ్రమ్మ నేల మీద కూలబడి భోరుమంది. పొద్దుటి నుంచి పట్టి ఉంచిన ఏడుపంతా అప్పుడే వచ్చింది. వేలాయుధం చాలాసేపు తన భుజం మీది చారలనూ, జుబ్బా మీది చారలనూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఈ జుబ్బా ఒక్కటి చాలు," అన్నాడు. కయ్యం ఎంత పాతదైనా మనిషి మరీ చెడ్డవాడేమీ కాదు.

"చాలు. కొడతితోబాటు దీన్ని కూడా పెట్టండి. ఆ పాషాణం సీసా కేసుకు సంబంధం లేదు, వెనక్కి ఇచ్చేయండి."

"ఏం సీసా?"

"పై అరలోది. మీరు తీసుకుపోయిన..."

"మేం కొడతి తప్ప ఈ గదిలో ఏమీ ముట్టలేదే!"

చెంగల్రాయుడు అల్మారా వైపు తిరిగాడు. అల్మారాలోని శుభ్రమైన గుండ్రం, మెత్తటి గొంతు, 'మనసు ఒప్పలేదు' అన్న మాట, తలుపు దగ్గర వంటమనిషి. అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఐసు వేసి ఆ ఎరుపు అద్దినవాళ్ళు ఇద్దరే. ఒకడు చచ్చాడు. రెండోవాడు లాకప్పులో విషం తిని చస్తే, చేసిన పాపానికి తనే తిన్నాడని లోకం నమ్ముతుంది. కేసు అక్కడితో ముగుస్తుంది.

"క్యారియర్!" అన్నాడు.

వేలాయుధం అప్పటికే తలుపు దాటాడు. చెంగల్రాయుడు జుబ్బాను వజ్రమ్మ చేతుల్లో పెట్టాడు. "దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు. ఎంతవాడు అడిగినా ఇవ్వొద్దు. మేం వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలొద్దు." ఏం జరిగిందో ఆమెకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ధనమ్మ భయంతో మూట కట్టుకుని అప్పుడే ఇంటిదారి పట్టింది.

స్టేషన్ మెట్లు ఎక్కేసరికి ఒకటీ ముప్పై అయిదు. లోపలి నుంచి ఎవరో కేకలు వేస్తున్నారు. గొంతు పగిలి, మాట తెలియకుండా ఉంది.

లాకప్పు కమ్మీల ముందు కానిస్టేబుల్ చిన్నస్వామి నేల మీద మెలికలు తిరుగుతున్నాడు. చుట్టూ వాంతి. కమ్మీల సందుల్లోంచి మోచేతుల దాకా ఎర్రగా ఉన్న రెండు చేతులు బయటికి వచ్చి అతని తలను నేలకు తగలకుండా పట్టుకుని ఉన్నాయి. ఆదిమూలం బతికే ఉన్నాడు.

"డాక్టరు! ఎవరైనా డాక్టరును పిలవండి!" వేలాయుధం అరిచాడు. స్టేషన్ రైటరు పరిగెత్తాడు.

"నేను తిన్లేదు సామీ," ఆదిమూలం ఏడుస్తున్నాడు. "మా కెమిస్టు అయ్య శవం ఇంకా లేవలేదు. ఆయన కొడుకు బెజవాడ నుంచి రావాల. అయ్య కాలేదాకా ముద్ద ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఈయన పాపం ఆకలేస్తాండాదంటే, నువ్వన్నా తినన్నా అని నేనే పెట్టినాను. నా చేతులతో నేనే పెట్టినాను సామీ!"

వేలాయుధం అతని భుజం పట్టుకున్నాడు. చెంగల్రాయుడు ఆ మాటలోని ప్రమాదాన్ని ఆదిమూలం కంటే ముందు గ్రహించాడు. ఖైదీ చేతి అన్నం తిని పోలీసు పడిపోయాడు. ఆ అన్నం ఎవరి ఇంటిదో చెప్పడానికి క్యారియర్ ఉండాలి. అతను గదంతా కలియజూశాడు. ఆకు ఉంది, మెతుకులు లేవు. క్యారియర్ లేదు.

"క్యారియర్ యాడ ఆదిమూలం?"

"సూపర్నెంటు అయ్య వచ్చి తీసకపాయ. ఇప్పుడే, మీకు రవ్వంత ముందర. ఈయన అప్పుడే కడుపు నొప్పని కూర్చున్నాడు. అయ్య నన్నే చూస్తా నిలబడినాడు. నువ్వు తిన్లేదా అని అడిగినాడు. తిన్లేదయ్యా అన్నాను. గిన్నెలు కడిగి ఎత్తకపాయినాడు."

"ఏ పక్కకు పోయాడు?"

"ఎనక దోవన రంగుల సాలకు పోతాండానన్నాడు. నా కోసరం ఎవురో బట్టలు ముంచతాండారంట, బంట్రోతు పోయి చెప్పినాడంట."

వేలాయుధం మెల్లగా చెంగల్రాయుడి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గొంతులో వెటకారం లేదు. "రాయుడూ, జుబ్బా నీ దగ్గరే ఉందిగదా?"

చెంగల్రాయుడు ఖాళీ చేతులు చూసుకున్నాడు.

ఆదిమూలం కమ్మీలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. వాళ్ళిద్దరి ముఖాలూ చూశాడు. "సామీ," అన్నాడు, "ఆడ ఎవురుండారు?"

చెంగల్రాయుడు వీధిలోకి దూకి పరుగెత్తాడు. వెనక ఆదిమూలం లాకప్పు కమ్మీలను రెండు చేతులతో ఊపుతూ వజ్రమ్మను పేరు పెట్టి అరుస్తున్నాడు.